కేజీఎఫ్: గని మూతపడ్డాక

సినిమా పుణ్యమా అని కేజీఎఫ్ పేరు వినని తెలుగువాళ్లు ఇప్పుడు అరుదు. చిత్తూరు జిల్లా పొలిమేర దాటగానే కర్ణాటకలో ఉన్న అసలు ఊరి (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) కథకు మాత్రం ఆ సినిమాతో ఏ సంబంధమూ లేదు.

కోలారు నేలలో బంగారం ఉందని అక్కడివాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. 1802లో సర్వే పనిమీద వచ్చిన లెఫ్టినెంట్ వారెన్ ఊళ్లవాళ్లచేత బండ్లకొద్దీ మట్టి కడిగించి, అడుగున మిగిలిన పసుపు రవ్వలు కళ్లారా చూశాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగాక అసలు తవ్వకాలు ఊపందుకున్నాయి. 1902కల్లా కావేరి మీది శివసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది మరో మూడేళ్లకు!

కూలీల్లో ఎక్కువమంది తమిళ జిల్లాలవాళ్లు. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. చాలావరకు దళిత కుటుంబాలు. ఊళ్లో ఆసామి కింద వెట్టిచాకిరీ చేసేకన్నా పాతాళంలో దిగి నెల జీతం తెచ్చుకోవడమే మేలనుకున్నారు. దొరలకు బంగళాలూ క్లబ్బూ, కూలీలకు ‘లైన్లు’. అంటే వరసగా కట్టిన ఇరుకు ఇళ్లు.

ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత కింద బండే కాగుతుంటుంది. తవ్వేకొద్దీ పైనున్న రాతి బరువంతా గోడల మీద పడి, అవి ఒక్కసారిగా పేలి ముక్కలవుతాయి. దీన్నే ‘రాక్ బర్స్ట్’ అంటారు. ఎందరో దీనికే బలయ్యారు. బతికి బయటపడ్డవాళ్లలో చాలామందిని రాతిదుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ తినేసింది. అయితే పైనున్న రాయి మిగతా కణాలను అడ్డుకోవడం వల్ల ఆ లోతే శాస్త్రజ్ఞులకు పనికొచ్చింది. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాల జాడను 1965లో పట్టుకున్న తొలి ప్రయోగాల్లో ఒకటి ఇక్కడిదే.

గని ఎందుకు మూతపడింది? బంగారం అడుగంటిపోయి కాదు. తొలినాళ్లలో టన్ను రాతికి నలభై గ్రాములకు పైగా దొరికింది, చివర్లో మూడు నాలుగు గ్రాములకు మించలేదు. లోతు పెరిగేకొద్దీ నీళ్లు తోడడానికీ, గాలి చల్లబరచడానికీ ఖర్చు పెరిగింది. 1956లో మైసూరు ప్రభుత్వం, ఆ తర్వాత కేంద్రం గనుల్ని తీసుకున్నా నష్టాలు ఆగలేదు. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. అప్పటికి దాదాపు 800 టన్నుల బంగారం బయటికి పోయింది.

ఊరికి మిగిలింది సైనైడ్ దిబ్బలు. పొడిచేసిన రాతిని సైనైడ్ నీళ్లలో కలిపి బంగారం కరిగించి తీశాక మిగిలిన బూడిదరంగు మట్టి గుట్టలవి. వేసవి గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వచ్చి పడుతుంది. పని కావాలంటే మారికుప్పంలో తెల్లవారుజాము రైలెక్కి, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు పోవాల్సిందే.

రాతిలో బంగారం తగ్గిపోతోందన్నది రాత్రికి రాత్రి తెలిసిన సంగతి కాదు, దశాబ్దాలుగా లెక్కల్లో కనబడుతున్నదే. 1964లో వచ్చిన, భారీ యంత్రాలు తయారుచేసే బీఈఎంఎల్ ఫ్యాక్టరీ కొందరికే ఆసరా అయింది. మిగతావాళ్లకు ముందుగానే మరో బతుకుదారి చూపకపోవడం ముమ్మాటికీ ప్రభుత్వాల తప్పే.