గూటిలో బుష్షు తిరగకూడదు

చీనీ చెట్లు కాయ మీద వున్నప్పుడే మోటారు మొరాయిస్తుంది. పులివెందుల వైపు బోర్ల కింద చీనీ, అరటి పెట్టిన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. మోటారు పైకి తీయడానికి ఒక ఖర్చు, రిపేరుకు ఇంకో ఖర్చు, ఈలోగా తోట వాడుముఖం పడుతుంది. వైండింగు కాలిందని అందరూ చెబుతారు. బుష్షు అరిగి, రోటారు పక్కకు వాలి, స్టేటరును రాసుకున్నందువల్ల కూడా వైండింగు కాలుతుందన్న మాట మాత్రం తక్కువమంది చెబుతారు.

బుష్షు మనకు తెలియని వస్తువేమీ కాదు. ఎద్దుల బండి చక్రం కుండలో బిగించే ఇనుప గొట్టం బుష్షే. లోపల ఇరుసు, మధ్యన కందెన. ప్రొద్దుటూరు చుట్టుపక్కల వాడే ఆయిల్ ఇంజన్లో కనెక్టింగ్ రాడ్ పైకొనకు గన్‌మెటల్ బుష్షు వుంటుంది. జమ్మలమడుగు రేగళ్ళలో శనగ నూర్చే మిషన్లలో జల్లెడను ఊపే చేతులకు కూడా చాలావాటిలో బుష్షులే. షాఫ్టు బదులు బుష్షు అరగాలి, అరిగినప్పుడు దాన్ని మార్చుకోవాలి. అందుకే దాన్ని మెత్తటి లోహంతో చేస్తారు.

షాఫ్టు బుష్షులో తిరగాలి గాని, బుష్షు హౌసింగులో తిరగకూడదు. తిరిగిందంటే నూనె రంధ్రం పక్కకు పోయి మూసుకుపోతుంది. నూనె అందక షాఫ్టు పట్టేస్తుంది. పైగా హౌసింగు కూడా అరిగిపోతుంది. అప్పుడు బుష్షుతో పోయే ఖర్చు హౌసింగు దాకా వస్తుంది.

లేత్ పనివాళ్ళు 'థౌ' లెక్కన మాట్లాడతారు. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. తల వెంట్రుక మందం రెండు మూడు థౌలు వుంటుంది. బయట కొలత 40 మిల్లీమీటర్లున్న గన్‌మెటల్ బుష్షు, హౌసింగు రంధ్రం కంటే ఒకటిన్నర నుంచి రెండు థౌలు పెద్దదిగా వుండాలి. చేత్తో తోస్తే దూరిపోయే బుష్షును ఒప్పుకోవద్దు. అలా బిగించాక బుష్షు నొక్కుకుని లోపలి రంధ్రం చిన్నదవుతుంది. అందుకే ఎక్కించిన తర్వాతే రీమర్ కొట్టించాలి. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు ఒకటి రెండు థౌల సందు చాలు.

సుత్తితో నేరుగా కొట్టి ఎక్కించడం మన దగ్గర ఎక్కువ. బుష్షు అంచు మడతపడేది, వంకరగా దిగేది ఇందువల్లే. ప్రెస్సు లేకపోతే పొడవాటి బోల్టు, రెండు మందపాటి వాషర్లు, ఒక నట్టు వుంటే పని అవుతుంది. బోల్టును బుష్షు, హౌసింగుల గుండా దూర్చి నట్టు బిగిస్తూ పోతే బుష్షు తిన్నగా లోపలికి వస్తుంది. ముందుగా హౌసింగులో తుప్పు, మట్టి తుడిచి, అంచులను కొంచెం ఏటవాలుగా గీకి, పలచగా నూనె రాయాలి. నూనె రంధ్రాలు రెండూ ఎదురెదురుగా వచ్చేట్టు గీత గీసుకోవాలి, దిగిన తర్వాత తిప్పడం కుదరదు.

ఐసు ముక్కల్లో కాసేపు వుంచితే పని ఇంకా సులువు. మన ఎండాకాలం 40 డిగ్రీల వేడి నుంచి సున్నాకు దించితే 40 మిల్లీమీటర్ల గన్‌మెటల్ బుష్షు ఒక థౌకు పైగా కుదించుకుపోతుంది. తీసిన వెంటనే తుడిచి ఎక్కించాలి, ఆలస్యమైతే మళ్ళీ ఉబ్బుతుంది. హౌసింగును గ్యాసు మంటతో కాల్చవద్దు, పోత ఇనుము పగలవచ్చు.

ఊగే భాగాల్లో బిగుతు ఒక్కటే చాలదు. బుష్షు, హౌసింగు కలిసే గీత మీద సగం ఇటు సగం అటు పడేట్టు రంధ్రం వేసి, మర తీసి, తల లేని స్క్రూ బిగించాలి. డ్రిల్లు మెత్తటి గన్‌మెటల్ వైపు జారుతుంది కాబట్టి పంచి గుర్తును హౌసింగు వైపు కాస్త జరిపి పెట్టాలి. బరువు పడే వైపున, నూనె రంధ్రం దగ్గర ఈ స్క్రూ వద్దు.

వదులైన హౌసింగులో ఉలితో గాట్లు పెట్టి పాత బుష్షునే కొట్టి పంపేవాళ్ళున్నారు. నాలుగు రోజులు నిలుస్తుంది, సరిగ్గా పని మీదున్నప్పుడు వూడుతుంది. హౌసింగును లేత్ మీద బోరింగు చేయించి, దానికి తగ్గట్టు లావు బుష్షు చేయించడమే నయం. అప్పుడే కాస్త ఎక్కువ ఖర్చయినా రెండోసారి మోటారు పైకి తీసే పని తప్పుతుంది.

సబ్‌మెర్సిబుల్ సంగతి వేరు. అందులో బుష్షులకు నీళ్ళే నూనె. కార్బన్ బుష్షును సుత్తితో తాకనివ్వవద్దు, పగులుతుంది. రబ్బరు బుష్షుకు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బవచ్చు, సబ్బు నీళ్ళు చాలు. నీళ్ళు నింపే రకం మోటారైతే బోరులో దించేముందు శుభ్రమైన నీళ్ళు నింపి, గాలి బుడగలు పోయేదాకా ఆగాలి. బోరులో నీళ్ళు తగ్గి పంపు గాలి లాగుతున్నట్టు కనబడితే వెంటనే ఆపేయండి. ఇసుక వస్తున్నా అంతే, కొత్త బుష్షు కూడా ఎక్కువ కాలం ఆగదు.

ఫ్యాను బుష్షుల్లాంటి, నూనె పీల్చుకునే రకానికి రీమర్ కొట్టించకూడదు, పెట్రోలుతో కడగకూడదు. వాటి సన్నటి రంధ్రాలు పూడిపోతాయి, లోపలి నూనె పోతుంది.

రిపేరు షాపు నుంచి పాత బుష్షు అడిగి తెచ్చుకోండి. ఒకే పక్క అరిగివుంటే బెల్టు మరీ బిగుతుగా వుందేమో చూడాలి. బయటి పక్క మెరుస్తూ గీతలు పడివుంటే అది హౌసింగులో తిరిగిందన్నమాట. కొత్తది బిగించేముందే హౌసింగు కొలత తీయించండి.