యూనిట్ – 2: ఖండాలు – నిర్వచనం, సరిహద్దులు, పోలిక

2.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• ఖండాన్ని నిర్వచించడానికి వాడే ప్రమాణాలను వివరించగలుగుతారు.
• ఐరోపా, ఆసియాల సరిహద్దు ఎలా ఏర్పడిందో చెప్పగలుగుతారు.
• రెండు ఖండాలను పోల్చేటప్పుడు జరిగే పొరపాట్లను గుర్తించగలుగుతారు.

2.1 పరిచయం

ఖండాలు ఎన్ని అని అడిగితే మనం తడుముకోకుండా ఏడు అంటాం. పాఠశాలలో నేర్చుకున్నది అదే. కాని లాటిన్ అమెరికాలో అనేకచోట్ల ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపి ఒకే ఖండంగా బోధిస్తారు. ఐరోపా, ఆసియాలను కలిపి యూరేషియా అని ఒకటిగా లెక్కించే భూగోళ శాస్త్రవేత్తలున్నారు. 1913లో పియరీ ద కూబర్టిన్ రూపొందించిన ఒలింపిక్ చిహ్నంలోని ఐదు వలయాలు ఐదు ఖండాలకు సంకేతం. ఈ లెక్కలు ఒకదానితో ఒకటి కుదరకపోవడానికి కారణం ఎవరో తప్పు లెక్కించడం కాదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రమాణాన్ని తీసుకోవడమే కారణం. కాబట్టి సంఖ్య కంటే ముందు మనం ప్రమాణాన్ని తెలుసుకోవాలి.

2.2 నిర్వచించే ప్రమాణాలు

(అ) అవిచ్ఛిన్న భూభాగం: చుట్టూ సముద్రం ఉన్న విశాలమైన భూభాగమే ఖండం అన్నది వాడుకలోని నిర్వచనం. దీనికి ఆస్ట్రేలియా, అంటార్కిటికా చక్కగా సరిపోతాయి. ఆఫ్రికా మాత్రం సూయజ్ భూసంధి ద్వారా ఆసియాకు, ఉత్తర అమెరికా పనామా భూసంధి ద్వారా దక్షిణ అమెరికాకు అతుక్కుని ఉన్నాయి. సూయజ్ కాలువ 1869లో, పనామా కాలువ 1914లో ప్రారంభమయ్యాయి. ఇవి మనుషులు తవ్విన కాలువలు, సహజ సరిహద్దులు కావు. ఈ ప్రమాణాన్ని కచ్చితంగా పాటిస్తే ఆఫ్రికా, ఐరోపా, ఆసియాలు మూడూ ఒకే ఖండం అవుతాయి.

(ఆ) భూపటల స్వభావం: ఖండాల కింది భూపటలం ప్రధానంగా గ్రానైట్ వంటి తేలిక శిలలతో, సగటున 35 కి.మీ. పైబడిన మందంతో ఉంటుంది. మహాసముద్రాల కింది బసాల్ట్ పటలం మందం సుమారు 7 కి.మీ. మాత్రమే. ఈ దృష్టితో చూస్తే ఖండం తీరరేఖ వద్ద ముగియదు. నీటిలో మునిగి ఉన్న ఖండతీరపు అంచు కూడా ఖండంలో భాగమే. ఆస్ట్రేలియా, న్యూగినీ ఒకే తీరపు అంచుపై ఉన్నాయి. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గినప్పుడు అవి కలిసే ఉండేవి. న్యూజిలాండ్ చుట్టూ సుమారు 49 లక్షల చ.కి.మీ. విస్తీర్ణంలో, 94 శాతం మునిగి ఉన్న భూభాగాన్ని 'జీలాండియా' అనే ప్రత్యేక ఖండంగా గుర్తించాలని 2017లో కొందరు భూగర్భ శాస్త్రవేత్తలు ప్రతిపాదించడానికి ఆధారం ఇదే.

(ఇ) పలకలు: పలకలే ఖండాలనుకోవడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు. ఐరోపా, ఆసియాలో అధికభాగం ఒకే యూరేషియా పలకపై ఉన్నాయి. మన దేశం మాత్రం వేరొక పలకపై ఉంది. పలకే ప్రమాణమైతే ఐరోపా ఖండం కాదు, భారతదేశం ఖండమవుతుంది! ఒకప్పుడు భారత భూభాగం ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికాలతో కలిసి గోండ్వానా మహాఖండంలో ఉండేది. గోండుల నివాస ప్రాంతం నుంచి వచ్చిన పేరది. సింగరేణి బొగ్గు లభించే గోదావరి లోయ శిలలు ఆ గోండ్వానా శిలాసముదాయానికే చెందుతాయి. భారత పలక సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం యూరేషియాను ఢీకొంది. మనల్ని 'ఉపఖండం' అనడంలో ఈ చరిత్ర కూడా ఇమిడి ఉంది.

2.3 సంప్రదాయం గీసిన సరిహద్దు: ఐరోపా – ఆసియా

పై మూడు ప్రమాణాలలో ఏదీ ఐరోపాను ఆసియా నుంచి విడదీయదు. ఆ విభజన సంప్రదాయం వల్ల వచ్చింది. ఏజియన్ సముద్రానికి ఇరువైపులా ఉన్న తీరాలను వేరు చేసి చెప్పడానికి ప్రాచీన గ్రీకులు ఈ పేర్లు వాడారు. ఒకే భూమికి మూడు పేర్లు ఎందుకని క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే హెరొడోటస్ సందేహించాడు. తరువాత చాలాకాలం డాన్ నది సరిహద్దుగా చెలామణి అయింది. 18వ శతాబ్దంలో రష్యాకు చెందిన తతీష్చెవ్, స్వీడన్‌కు చెందిన స్ట్రాలెన్‌బర్గ్ యూరల్ పర్వతాలను సరిహద్దుగా సూచించారు. మనం నేటికీ వాడుతున్నది అదే.

దక్షిణాన కాకసస్ వద్ద భేదాభిప్రాయం మిగిలే ఉంది. సరిహద్దును ప్రధాన పర్వత శ్రేణి శిఖరరేఖ వెంట గీస్తే ఎల్‌బ్రస్ (5,642 మీ.) ఐరోపాలోకి వచ్చి, ఆ ఖండంలో అత్యున్నత శిఖరం అవుతుంది. శ్రేణికి ఉత్తరాన ఉన్న కూమా–మానిచ్ పల్లపు ప్రాంతం వెంట గీస్తే ఆ గౌరవం సుమారు 4,806 మీటర్ల మోం బ్లాంకు దక్కుతుంది. పోటీ పరీక్షల పుస్తకాలలో రెండు జవాబులూ కనిపించడానికి కారణం ఇదే.

2.4 పోల్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త

యూరల్ సరిహద్దును తీసుకుంటే ఖండాల విస్తీర్ణం సుమారుగా ఇలా ఉంటుంది (కోట్ల చ.కి.మీ.లలో): ఆసియా 4.46, ఆఫ్రికా 3.03, ఉత్తర అమెరికా 2.47, దక్షిణ అమెరికా 1.78, అంటార్కిటికా 1.42, ఐరోపా 1.02. ఆస్ట్రేలియా దేశం ఒక్కటే 0.77.

ఐక్యరాజ్యసమితి గణాంకాలలో మాత్రం రష్యా మొత్తం ఐరోపాలో చేరుతుంది. యూరల్‌కు తూర్పున ఉన్న రష్యా భాగం సుమారు 1.31 కోట్ల చ.కి.మీ. అంటే భారతదేశానికి దాదాపు నాలుగు రెట్లు. అది చేతులు మారితే లెక్క ఇలా మారుతుంది:

యూరల్ సరిహద్దుతో: ఐరోపా 1.02, ఆసియా 4.46. ఆసియా నాలుగు రెట్లకు పైగా పెద్దది.
రష్యా మొత్తం ఐరోపాలో: ఐరోపా 2.33, ఆసియా 3.15. ఆసియా ఒకటిన్నర రెట్లు కూడా కాదు.

జనసాంద్రత కూడా మారుతుంది. రష్యా ప్రజలలో సుమారు నాలుగింట మూడు వంతులు యూరల్‌కు పశ్చిమానే నివసిస్తారు. అందువల్ల యూరల్ సరిహద్దుతో ఐరోపా జనసాంద్రత చ.కి.మీ.కు 70కి చేరువలో ఉంటే, రష్యా మొత్తాన్ని కలిపితే 32 దగ్గర ఆగుతుంది. అక్కడ ఒక్క మనిషి కూడా కదలలేదు, గీత మాత్రమే కదిలింది. ఆసియా విస్తీర్ణాన్ని ఒక పట్టిక నుంచి, ఐరోపా విస్తీర్ణాన్ని మరో పట్టిక నుంచి తీసుకుని కూడితే సైబీరియాను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.

గోడ పటం కూడా మనల్ని తప్పుదోవ పట్టించవచ్చు. 1569లో నౌకాయానం కోసం రూపొందించిన మెర్కేటర్ ప్రక్షేపంలో ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ భూభాగాలు సాగిపోతాయి. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. విస్తీర్ణాలను పోల్చడానికి గ్లోబును గాని, సమవైశాల్య ప్రక్షేపాన్ని గాని ఉపయోగించాలి.

2.5 సారాంశం

ఖండాలను విభజించడానికి ప్రకృతి ఒకే గీత గీయలేదు. భూభాగం, భూపటలం, పలక, సంప్రదాయం అనే నాలుగు ప్రమాణాలు నాలుగు రకాల జవాబులిస్తాయి. ఏడు ఖండాల విభజన బోధనకు ఉపయోగపడే ఒప్పందం. దానిని వాడవచ్చు, అయితే ఏ సరిహద్దును తీసుకున్నామో చెప్పి వాడాలి. పోల్చే అంకెలన్నీ ఒకే సరిహద్దుకు చెందినవై ఉండాలి.

2.6 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పలకకు, ఖండానికి గల తేడాను ఉదాహరణలతో తెలపండి.
2. ఐరోపాలో అత్యున్నత శిఖరం ఏది అనే ప్రశ్నకు రెండు జవాబులు ఎందుకున్నాయి?

II. 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. సరిహద్దు మారితే ఖండాల పోలిక ఎలా మారుతుందో ఐరోపా, ఆసియాల ఆధారంగా వివరించండి.