చివరి షో దాకా ఆగకండి: వెట్‌లాండ్స్ క్లబ్ నేర్పే పాఠం

ఇవాళ ఒక మ్యూజిక్ క్లబ్ గురించి మాట్లాడుకుందాం. పేరు వెట్‌లాండ్స్ ప్రిజర్వ్. న్యూయార్క్‌లో ట్రైబెకా అనే ఏరియాలో ఉండేది. 1989లో తెరిచారు, 2001లో మూతపడింది. "ఎప్పుడో మూతపడ్డ క్లబ్‌తో మనకేం పని?" అంటారా? పని ఉంది. ఎందుకంటే వీళ్లు అనుకున్న చివరి వీడ్కోలు జరగనే లేదు.

ముందు ఆ చోటు ఎలా ఉండేదో చెప్తా. లారీ బ్లాక్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టారు. లోపల ఒక ఫోక్స్‌వాగన్ వ్యాన్ నిలబెట్టి ఉండేది. ఒకవైపు పాటలు, ఇంకోవైపు అడవులు కాపాడాలంటూ కరపత్రాలు. క్లబ్‌కి వచ్చే డబ్బులోంచే పర్యావరణ పనులకి ఖర్చు పెట్టేవాళ్లు. ఎక్కువగా రాక్ జామ్ బ్యాండ్లకి పేరున్న చోటు. కానీ ఫంక్ బ్యాండ్లూ వచ్చేవి, హిప్‌హాప్ వాళ్లూ వచ్చేవాళ్లు.

ఇక్కడ ఒక చిన్న బ్రేక్. ఫంక్‌కి, హిప్‌హాప్‌కి సంబంధం ఏంటి?

ఫంక్ అంటే జేమ్స్ బ్రౌన్ గుర్తొస్తాడు. ఆ సంగీతంలో రాగం కన్నా దరువుకి పెద్దపీట. తాళంలో మొదటి దెబ్బ గట్టిగా పడాలి, బ్యాండ్ మొత్తం ఆ దెబ్బ మీదే కలవాలి. ఇక హిప్‌హాప్ పుట్టినరోజు అని చాలామంది చెప్పుకునేది 1973 ఆగస్టు 11. ఆ రోజు బ్రాంక్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో జరిగిన పార్టీకి కూల్ హర్క్ డీజే. జనం ఎప్పుడు ఊగిపోతున్నారో ఆయన గమనించాడు. పాటలో గొంతులు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క వచ్చినప్పుడు! ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పడం ఆయన పద్ధతి. అలా ఫంక్ పాటల్లోని చిన్న ముక్కలే హిప్‌హాప్‌కి పునాది అయ్యాయి.

తర్వాత ఆ ముక్కల్ని మెషిన్లలోకి ఎక్కించారు. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' పాటలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన కొన్ని సెకన్ల దరువు లెక్కలేనన్ని ర్యాప్ పాటల్లో ఉంది. అంత వాడుకున్నా, వాయించిన మనిషికి దాని మీద రాయల్టీ దాదాపు ఏమీ రాలేదు.

ఇప్పుడు మళ్లీ క్లబ్‌కి వద్దాం. ఫిలడెల్ఫియాకి చెందిన 'ద రూట్స్' అనే బృందం హిప్‌హాప్‌ని మెషిన్ మీద కాకుండా బ్యాండ్‌తో వాయించేది. డ్రమ్స్ మీద క్వెస్ట్‌లవ్, మైక్ దగ్గర బ్లాక్ థాట్. 1990ల చివర్లో వాళ్లు వెట్‌లాండ్స్‌లో జామ్ రాత్రులు నడిపారు. జామ్ అంటే ముందే రాసుకున్న పాటల లిస్టు ఉండదు. డ్రమ్మర్ ఒక దరువు పట్టుకుంటాడు, బాస్ గిటార్ దాని కింద చేరుతుంది, ఎవరో మైక్ అందుకుంటారు. మెషిన్‌లో లూప్ ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. మనిషి వాయిస్తే ప్రతి రౌండ్‌కీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. జనం అరిస్తే ఆ దరువు ఇంకో మెట్టు ఎక్కుతుంది. అంటే ఆ గదిలో ఉన్న జనం కూడా బ్యాండ్‌లో భాగమే. 'బ్లాక్ లిలీ' అనే పేరుతో గాయనులకి పెద్దపీట వేసిన షోలు కూడా ఇక్కడే మొదలై, తర్వాత ఫిలడెల్ఫియాకి వెళ్లాయి.

మరి ఇంత మంచి చోటు ఎందుకు పోయింది? ట్రైబెకా ఒకప్పుడు గోడౌన్ల ఏరియా. అద్దెలు తక్కువని కళాకారులు చేరారు. వాళ్లు చేరాక ఏరియాకి పేరొచ్చింది, పేరొచ్చాక రేట్లు పెరిగాయి, గోడౌన్లు ఖరీదైన ఫ్లాట్లుగా మారాయి. క్లబ్ ఉన్న బిల్డింగ్ కూడా అదే దారి పట్టింది. 2001 సెప్టెంబర్‌లో మూసేద్దామని, చివరి రోజుల్లో వరసగా వీడ్కోలు షోలు పెట్టుకున్నారు. ఇంతలో సెప్టెంబర్ 11 దాడులు జరిగాయి. కూలిన టవర్ల నుంచి క్లబ్‌కి నడిచి వెళ్లే దూరమే. ఆ చుట్టుపక్కలంతా రాకపోకలు ఆపేశారు. అనుకున్న వీడ్కోలు జరగలేదు. ఊరంతా శోకంలో ఉంది, అప్పుడు ఒక క్లబ్ గురించి బాధపడే తీరిక ఎవరికి ఉంటుంది? "చివరి షోకి వెళ్దాంలే" అనుకున్నవాళ్లకి ఆ చివరి షో దక్కలేదు.

"పోనీలే, ఇప్పుడైతే ఎవరో ఒకరు ఫోన్‌లో తీసి పెడతారు కదా" అనుకుంటాం. ఇక్కడ నాలోని ఇంజనీర్ నిద్ర లేస్తాడు. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్ద తరంగం పొడవు 8 మీటర్ల పైనే. అంత గాలిని కదిలించడం ఫోన్‌లోని చిన్న స్పీకర్ వల్ల కాదు. అది వినిపించేది పై స్వరాలు మాత్రమే, కింది స్వరాన్ని మన మెదడే ఊహించుకుంటుంది. పైగా శబ్దం పెరిగితే ఫోన్ తనంతట తానే రికార్డింగ్ లెవెల్ తగ్గించేస్తుంది. దాంతో చిన్న దెబ్బకీ పెద్ద దెబ్బకీ తేడా చెరిగిపోతుంది. బోనాల ఊరేగింపులో తీన్మార్ గుర్తు చేసుకోండి. వీధిలో నిలబడితే దెబ్బ గుండెల మీద పడుతుంది. అదే వీడియో ఇంటికొచ్చి చూస్తే టపటపమని డబ్బా కొట్టినట్టు ఉంటుంది. ఫోన్‌కి దొరికింది పాట, దొరకనిది ఆ గది.

అలా అని అంతా పోయిందనీ కాదు. చివరి సంవత్సరాల్లో క్లబ్ నడిపిన పీటర్ షపీరో 2009లో బ్రూక్లిన్ బౌల్ అనే కొత్త వేదిక తెరిచాడు. క్వెస్ట్‌లవ్ అక్కడ క్రమం తప్పకుండా డీజేగా వాయించాడు. రూట్స్ అదే ఏడాది నుంచి జిమ్మీ ఫాలన్ టీవీ షోకి బ్యాండ్ అయింది. మనుషులు ఇంకో చోటు వెతుక్కుంటారు. కానీ అందరికీ ఆ అదృష్టం ఉండదు, పేరు లేని కొత్త కుర్రాడికి మొదటి మైక్ ఇచ్చేది చిన్న గదే.

కొన్ని చోట్ల దీనికి రూల్స్ కూడా తెచ్చారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2014 నుంచి, పాత మ్యూజిక్ వేదిక పక్కన కొత్తగా ఫ్లాట్లు కడితే సౌండ్ లోపలికి రాకుండా చూసుకునే బాధ్యత కట్టేవాళ్లదే. ముందు నుంచీ ఉన్నవాళ్లని ఖాళీ చేయించడం కాదు, కొత్తగా వచ్చినవాళ్లే సర్దుకోవాలి. ఇంగ్లండ్ కూడా 2018లో ఇదే సూత్రాన్ని ప్లానింగ్ విధానంలో పెట్టింది. ఇది శబ్దం గొడవకి మందు. అద్దె పెరిగితే మాత్రం ఈ రూల్ ఏమీ చేయలేదు. అద్దె కట్టించేది టికెట్ కొనే జనమే.

అందుకే మీ ఊళ్లో ఓపెన్ మైక్ పెట్టే చిన్న కెఫే ఉంటే, మూసేస్తున్నామనే పోస్ట్ వచ్చాక బాధ ఎమోజీ పెట్టడం కాదు, ఈ శనివారమే వెళ్లండి. టికెట్ కొనండి, ఒక టీ అయినా తాగండి. ఒక్క పాట రికార్డ్ చేసుకుని ఫోన్ జేబులో పెట్టేయండి. మిగతాది గుండెకి వదిలేయండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.