తారిణిలో 254 రోజులు

దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో నౌకాదళ, తీరరక్షక దళ పైలట్లు కూడా అభ్యసించే రెక్కల శాస్త్రమే తెరచాప నావకూ ఆధారం. వంపు తిరిగిన తెరచాప నిలువునా నిలబెట్టిన రెక్క వంటిది కనుక, దాని ఇరుపక్కలా గాలి ఒత్తిడిలో ఏర్పడే తేడా నావను లాగుతుంది. నావ పక్కకు జారకుండా, బోల్తాపడకుండా అడుగున దిగిన బరువైన పలక కాపాడుతుంది. దానిని కీల్ అంటారు. ఈ విద్య పట్టుబడటానికి సముద్రపు ఒడ్డునే పుట్టనక్కరలేదని చెప్పడానికి హైదరాబాదుకు చెందిన లెఫ్టినెంట్ ఐశ్వర్య బొడ్డపాటి ప్రయాణం చాలు.

వర్తికా జోషి నాయకత్వంలోని ఆరుగురు నౌకాదళ మహిళాధికారుల్లో ఆమె ఒకరు. విశాఖపట్నానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి మరొకరు. 55 అడుగుల తెరచాప నావ ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరిన ఈ బృందం ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగుతూ భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి చేరుకుంది. దాటిన దూరం సుమారు 21,600 నాటికల్ మైళ్లు. భూమధ్యరేఖా వృత్తంలోని 360 డిగ్రీలను డిగ్రీకి 60 నిమిషాల చొప్పున విడదీస్తే వచ్చే అంకె ఇదే. ఒక్కో నిమిషానికి ఒక నాటికల్ మైలు, అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు.

ఇలాంటి నావలో పగలూ రాత్రీ వంతులుగా చీలిపోతాయి. ఒకరు నిద్రపోతుంటే మరొకరు చుక్కాని పట్టి గాలి మళ్లినప్పుడల్లా తెరచాపను సవరిస్తుంటారు. నావ రోజుల తరబడి ఒకే పక్కకు ఒరిగి సాగుతుంది కనుక పడుకునే బల్లకు గుడ్డ అడ్డు కట్టుకోవాలి. వంటపొయ్యిని ఇరుసుల మీద ఊగేలా అమర్చడం వల్లనే గిన్నెలో పప్పు ఒలకదు. సముద్రపు నీటిని శుద్ధిచేసే యంత్రానికి కరెంటు కావాలి కాబట్టి మంచినీటిని చెంబుల లెక్కన వాడుకుంటారు. ఉప్పునీటిలో తడిసిన బట్ట గాలిలోని చెమ్మను పీల్చుకుంటూ ఎన్నటికీ పూర్తిగా ఆరదు. తుపాను కన్నా ఈ ఆరని బట్టే మనిషి ఓర్పును ఎక్కువగా పరీక్షిస్తుందనిపిస్తుంది.

తుపానులూ తప్పలేదు. దక్షిణాన 40 డిగ్రీలు దాటాక గాలిని ఆపే నేల దాదాపు ఉండదు. లిటిల్టన్ నుంచి పోర్ట్ స్టాన్లీకి 41 రోజుల పాటు సాగిన పసిఫిక్ దారిలో గాలి 60 నాట్లకు, అంటే గంటకు 110 కిలోమీటర్లకు చేరగా, రెండంతస్తుల మేడంత అలల నడుమ తారిణి 2018 జనవరిలో కేప్ హార్న్‌ను చుట్టింది. హిందూ మహాసముద్రంలో చుక్కాని యంత్రాంగం చెడిపోవడంతో, అనుకోని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో మరమ్మతు చేయించుకోవలసి వచ్చింది.

ఆ దీవికి దక్షిణాన ఉండే అధిక పీడన ప్రాంతం నుంచి వీచే ఆగ్నేయ గాలే భూమధ్యరేఖ దాటాక భూభ్రమణం వల్ల మలుపు తిరిగి, ఏటా జూన్‌లో నైరుతి రుతుపవనంగా దక్కనుకు చేరి, శామీర్‌పేట చెరువులో వాన కురిపిస్తుంది. హుస్సేన్‌సాగర్‌లో పిల్లల చిన్న నావల తెరచాపలను నింపుతుంది.