పేరు ఒకరిది, పథకం ఇంకొకరిది

సంక్రాంతికి వచ్చి ఇంకా వెళ్లని మా అక్క కొడుకు ఓ రోజు తెల్లవారుజామునే లేచి టీవీ ముందు కూర్చున్నాడు. లాస్ ఏంజెలిస్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు. "ఇంత పొద్దున్నే ఏమిట్రా?" అంటే, "కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్ పిన్నీ, అక్కడ ఇప్పుడు రాత్రి" అన్నాడు. వాడికి కాఫీ ఇచ్చి నేనూ కూర్చున్నాను. ఫుట్‌బాల్ అన్నాడే గానీ అందులో కాలితో తన్నేది తక్కువ. రెండు కొసలా సన్నగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరుగెత్తడం, నలుగురైదుగురు వాడిమీద పడి కుమ్మేయడం... నాకేం బోధపడలేదు.

మధ్యమధ్యలో కెమెరా పైనున్న ఓ గాజు గది వైపు తిరుగుతోంది. అక్కడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేతిలో పెద్ద అట్ట పట్టుకుని ఒకాయన గబగబా మాట్లాడుతున్నాడు. ఆయనెవరని అడిగాను.

"ఆఫెన్సివ్ కోఆర్డినేటర్. బంతి మన చేతిలో ఉన్నంతసేపూ ఎవరు ఎటు పరుగెత్తాలో, ఎవరు ఎవరికి విసరాలో చెప్పేది ఆయనే."

"అయితే గెలిస్తే కప్పు ఆయనకిస్తారన్నమాట."

"అబ్బే! హెడ్ కోచ్‌కి ఇస్తారు పిన్నీ."

పెళ్లిళ్లలో పొయ్యి దగ్గర చెమటలు కక్కేవాళ్లు ఒకరు, పందిట్లో నిలబడి "భోజనాలు బాగున్నాయండీ" అనిపించుకునేవాళ్లు ఇంకొకరు. ఈ సంగతి మనకెవరూ చెప్పనక్కర్లేదు. అందుకేనేమో, ఆట మీద కలగని ఆసక్తి ఆ గాజు గదిలో మనిషి మీద కలిగింది. వీళ్లలో బాగా పేరున్నవాళ్లెవరని అడిగితే మావాడు నార్మ్ చౌ పేరు చెప్పాడు. వాడు చదివిన విశ్వవిద్యాలయంలోనే ఆయన నాలుగేళ్లు పనిచేశాడట. ఆ తర్వాత ఆయన గురించి దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ మనసు అదోలా అయింది.

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు. ఒక్కో జట్టుకి మైదానంలో 11 మంది. బంతి చేతికొచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే ఇంకో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. ప్రతి ప్రయత్నానికీ ముందే ఒక పథకం ఉంటుంది. ఒక్క మ్యాచ్‌లో ఇలా 60, 70 సార్లు ఎంచుకోవాలి, అదీ సెకన్లలో. ఆ పథకాన్ని మైదానంలో నడిపించే కుర్రాణ్ణి క్వార్టర్ బ్యాక్ అంటారు. శనివారం మ్యాచ్ అయితే, ఆ వారమంతా ఎదుటి జట్టు పాత ఆటల ఫిల్ములు చూసి, వాళ్ల బలహీనతలు కనిపెట్టి, పథకాల జాబితా తయారుచేసుకుంటారు. గాజు గదిలో ఆయన చేతిలో ఉన్న అట్ట అదే. సైగలు చేస్తుంటే ఎదుటివాళ్లు చూస్తారేమోనని, పెదాల కదలిక పసిగడతారేమోనని, ఆ అట్టనే నోటికి అడ్డం పెట్టుకుంటారు కూడా!

నార్మ్ చౌ 1946లో హొనొలులులో పుట్టాడు. చైనా, హవాయి, పోర్చుగల్ మూలాలు కలిసిన కుటుంబం. యూటా విశ్వవిద్యాలయం తరఫున ఆడి, కెనడాలో కొన్నాళ్లు ఆడి, ఆటగాడిగా ఎక్కువకాలం నిలవక, హవాయిలోనే ఓ హైస్కూలు జట్టుకి కోచ్‌గా చేరాడు. 1973లో యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాడు, ఏ కుర్చీ లేని చిన్న సహాయకుడిగా. ఓ పక్క అక్కడే డాక్టరేట్ కూడా పూర్తిచేశాడు. హెడ్ కోచ్ లావెల్ ఎడ్వర్డ్స్. ఆ రోజుల్లో చాలా జట్లు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తడాన్నే నమ్ముకునేవి. అందులో పెద్ద జట్లతో పోటీపడలేమని ఎడ్వర్డ్స్ విసరడం మీద ఆధారపడ్డాడు. విసిరే ఆటకి విసిరే కుర్రాడు కావాలి, ఆ కుర్రాడికి నేర్పేవాడు కావాలి. ఎవరు ఖాళీగా ఉన్నారో ఏ వరసలో చూసుకోవాలి, అడుగులు ఎలా వెయ్యాలి, ఎప్పుడు విసరకుండా ఊరుకోవాలి... ఇవన్నీ ఓపిగ్గా నేర్పించిన బృందంలో చౌ ఒకడు. జిమ్ మెక్‌మాన్, స్టీవ్ యంగ్, టై డెట్మర్ అక్కణ్ణుంచి వచ్చినవాళ్లే. 1984లో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ విజేత అయింది. 1990లో కాలేజీ ఆటగాళ్లకిచ్చే అతి పెద్ద బహుమతి, హైస్‌మన్ ట్రోఫీ, డెట్మర్‌కి వచ్చింది.

ఒకే చోట 27 సీజన్లు! ఎడ్వర్డ్స్ 2000 సీజన్‌తో విరమించాడు. స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఆయన కుర్చీ వేరేచోట పనిచేస్తున్న గ్యారీ క్రౌటన్‌కి దక్కింది. చౌ అప్పటికే, 53 ఏళ్ల వయసులో, ఆ ఊరు వదిలేశాడు. ఆ తర్వాత 12 ఏళ్లలో ఆరుచోట్లకి మారాడు. బదిలీ ఉద్యోగస్తుల ఇళ్లలో ఉన్నవాళ్లకి ఆ అట్టపెట్టెల సంగతి వేరే చెప్పాలా?

ఆయన గొప్పదనం ఎక్కువగా తెలిసింది ఈ తిరుగుడులోనే. 2000లో నార్త్ కరోలినాలో ఫిలిప్ రివర్స్ అనే మొదటి ఏడాది కుర్రాణ్ణి నిలబెట్టాడు. 2001లో లాస్ ఏంజెలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ కార్సన్ పామర్ అనే క్వార్టర్ బ్యాక్ ఉన్నాడు. మంచి చెయ్యి, నిలకడ లేదు. 2000లో గోలుదాకా చేర్చిన పాస్‌లు 16 అయితే, ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టినవి 18. చౌ దగ్గర రెండేళ్లు గడిచేసరికి, 2002లో ఆ లెక్క 33కి 10. ఆ ఏడాది హైస్‌మన్ పామర్‌కే వచ్చింది. పామర్ వెళ్లగానే, అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న మాట్ లైనార్ట్ వచ్చాడు. 2004లో హైస్‌మన్ అతనికి. ఆ సీజన్ జాతీయ ఫైనల్లో ఓక్లహోమాని 55-19తో చిత్తుచేశారు. (జట్టులో మరో ఆటగాడు అందుకున్న అక్రమ సౌకర్యాల కారణంగా ఆ బిరుదుని తర్వాత రద్దుచేశారు. అది వేరే కథ.) సహాయక కోచ్‌లకిచ్చే బ్రాయల్స్ అవార్డు చౌకి 2002లో వచ్చింది. సహాయకుల్లో ఉత్తముడు! ఆ బిరుదు వింటే మురిసిపోవాలో నిట్టూర్చాలో నాకైతే తెలియలేదు.

ఎందుకంటే ఈ మధ్యలో హెడ్ కోచ్ పదవులు ఖాళీ అయినప్పుడల్లా ఆయన పేరు వినబడేది. చివరికి ఇంకెవరో అయ్యేవారు. తప్పు ఎవరిదో దూరంనుంచి నేను తేల్చలేను గానీ, రెండు వయసులు మాత్రం పక్కపక్కన పెట్టి చూడండి. 1996లో బ్రిగమ్ యంగ్‌లో చౌ కింద ఆడిన స్టీవ్ సార్కీసియన్ 34వ ఏట వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్ అయ్యాడు. 2005లో చౌ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న లేన్ కిఫిన్ 31వ ఏట ఓక్లండ్ రెయిడర్స్ అనే వృత్తి జట్టుకే హెడ్ కోచ్ అయ్యాడు. చౌ మాత్రం టెనెసీలో వృత్తి జట్టు, మళ్లీ లాస్ ఏంజెలిస్, మళ్లీ యూటా... ఎక్కడికెళ్లినా అదే కుర్చీ.

2011 డిసెంబరులో, 65వ ఏట, పిలుపొచ్చింది. అదీ పుట్టినగడ్డ నుంచి! హవాయి విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్. పెద్ద విశ్వవిద్యాలయాల స్థాయిలో ఆ పదవి పొందిన మొదటి ఆసియన్ అమెరికన్ అని పత్రికలు రాశాయి. ఇక్కడిదాకా చదివి నేను పుస్తకం మూసేసి సంతోషపడదామనుకున్నాను.

మొదటి మ్యాచ్ 2012 సెప్టెంబరులో. ఎవరితోనంటారా? తను వెలిగించిన ఆ లాస్ ఏంజెలిస్ జట్టుతోనే. అవతలి గట్టున హెడ్ కోచ్‌గా కిఫిన్. 49-10తో ఓడిపోయారు. ఆ ఏడాది 3 గెలుపులు, మరుసటి ఏడాది 1, ఆ తర్వాత 4. హెడ్ కోచ్ పని వేరు. పథకాలు వేస్తే సరిపోదు. ఊరూరా తిరిగి కుర్రాళ్లని ఒప్పించి తేవాలి, దాతలని పలకరించాలి, పత్రికలకి జవాబివ్వాలి, డబ్బు చాలకపోయినా నెట్టుకురావాలి. బయట మ్యాచ్ ఆడాలంటే ఆ ద్వీపాలనుంచి ప్రతిసారీ సముద్రం దాటాలి. ఇంకో పదిహేనేళ్ల ముందు, ఇంకాస్త తేలికైన చోట ఆ కుర్చీ ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది. కానీ మా అక్క కొడుకు ఒప్పుకోడు. "అందరూ వంట బాగా చేస్తారని హోటల్ పెట్టిస్తే నడుస్తుందా పిన్నీ?" అంటాడు. వాడన్నదీ కొట్టిపారెయ్యలేం. గెలిచినవి 10, ఓడినవి 36. ఆ అంకెల ముందు నా సానుభూతి నిలబడదు.

2015 అక్టోబరు 31న ఎయిర్ ఫోర్స్ జట్టు చేతిలో 58-7తో ఓడారు. మర్నాడే తీసేశారు. అప్పటికాయనకి 69 ఏళ్లు.

మన ఇళ్లలో అయితే ఇక వాలుకుర్చీ, మనవలు, పేపరూ అనుకుంటాం. 2020 ఫిబ్రవరిలో ఎక్స్ ఎఫ్ ఎల్ అనే వృత్తి లీగ్ మళ్లీ మొదలైంది. అందులో లాస్ ఏంజెలిస్ జట్టు పేరు వైల్డ్‌క్యాట్స్. దానికి హెడ్ కోచ్ విన్‌స్టన్ మాస్. ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ నార్మ్ చౌ, వయసు 73! కరోనా వచ్చి ఐదు వారాలకే ఆ లీగ్ ఆగిపోయింది. ఆ ఐదు మ్యాచ్‌ల్లో వాళ్లు రెండు గెలిచారు.