ఏటికొప్పాక బొమ్మకు అంకుడు చెట్టే ప్రాణం

యలమంచిలి: వరాహ నది ఒడ్డున వున్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు పెట్టింది పేరు. తేలికైన అంకుడు కర్రను తరిణిపై తిప్పుతూ లక్కను అదిమితే, రాపిడి వేడికి రంగు కర్రకు పడుతుంది.

రసాయనిక రంగుల రాకతో పాత విద్య మరుగునపడుతున్న రోజుల్లో, సి.వి. రాజు చేతిపనివారితో కలిసి గింజలు, బెరళ్లు, వేళ్ల రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చారు. పసిపిల్లలు నోట పెట్టుకునే బొమ్మలకు ఈ జాగ్రత్త అవసరమే. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజుకు పద్మశ్రీ లభించాయి. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో రాష్ట్ర శకటంపై ఈ బొమ్మలే ఊరేగాయి.

అయితే బొమ్మకు పేరు పెరిగినంతగా అంకుడు పెరగడం లేదు. నరికినా మళ్లీ చిగిర్చే చెట్టు ఇది. వేళ్లతో పెకలించకుండా కొమ్మలే కోసుకుంటూ, గట్లపైనా బంజర్లలోనూ మొక్కలు నాటితే, బొమ్మతోపాటు కూడూ నిలుస్తుంది.