చివరివాని అడుగే జట్టు అడుగు

హైదరాబాదు పాతనగరానికి పడమటి అంచున, మూసీనదిపై, పురానాపూల్ అనే రాతివంతెన ఉన్నది. ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో 1578లో అది పూర్తి అయినది. చార్మినారుకంటె పదమూడేండ్లు పెద్దది. పదిహేడవ శతాబ్దంలో గోలకొండ రాజ్యానికి పలుమారులు వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే ఈ వంతెనను చూచి, పారిస్ నగరంలోని పేరుమోసిన వంతెనకు ఇది ఏమంత తీసిపోదని మెచ్చుకొన్నాడు. 1676లో అచ్చయిన అతని యాత్రాగ్రంథంలో ఈ దేశపు దారులను గూర్చి మరొక ముచ్చట కూడ ఉన్నది. నేటి విద్యార్థులకు వంతెన మాటకంటె అదే ఎక్కువ పనికివచ్చేది.

ఆ కాలంలో ఉత్తరాలు మోసే బంట్లు పరుగున పోయేవారు. సుమారు అయిదారు మైళ్ళకు ఒక గుడిసె. అందులో ఇద్దరు ముగ్గురు బంట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవారు. పరుగున వచ్చినవాడు ఉత్తరాన్ని చేతికి ఇవ్వడం అపశకునమని గుడిసె వాకిట పడవేసేవాడు. లోపలివాడు దానిని ఎత్తుకొని మరుక్షణమే పరుగు అందుకొనేవాడు. గుర్రపు రౌతుకంటె ఈ కాలిబంట్లే ముందు చేరేవారట. చెట్లు లేని దారులలో అయిదువందల అంగలకు ఒక రాళ్ళకుప్ప ఉండేది. దగ్గరి ఊళ్ళవారు ఆ కుప్పలకు సున్నం పూసేవారు. చీకటి రాత్రివేళ, వానలో, పరుగెత్తేవానికి దారి కనబడడానికే ఆ తెల్లరాళ్ళు.

సున్నం పూసిన రైతు ఎవడో, ఆ రాత్రి పరుగెత్తిన బంటు ఎవడో, ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. అయినను, అలసిన కాళ్ళతో చీకటిలో వచ్చేవాడు ఒకడు ఉంటాడని పగటి వెలుగులోనే తలచుకొన్నవాడు ఆ రైతు. పరుగునకు ప్రణాళిక అంటే అంతకుమించి వేరే ఏమీ లేదు.

ఇటీవలి కాలంలో కొండదారులలో జట్టుగా పరుగెత్తే ఉత్సాహం యువకులలో బాగా పెరిగినది. తెల్లవారకముందే నగరం విడిచి, బండల మధ్య, పొదల మధ్య పరుగెత్తి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు చాలామంది ఉన్నారు. ఇందుకు హైదరాబాదువంటి చోటు అరుదు. దక్కను గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల ఏండ్లనాటివి. పాతనగరంలోనే ఫలక్‌నుమా భవనం ఒక గుట్టమీద నిలిచినది. దక్షిణాన పహాడీ షరీఫ్ దర్గా గుట్టపైననే ఉన్నది. పడమట గోలకొండ, తూర్పున భువనగిరి, ఇంకా పడమటికి పోతే మూసీ పుట్టిన అనంతగిరి. ఇన్ని కొండలు పిలుస్తుండగా బడిపిల్లలు ఇంటిలో కూర్చుండవలెనని ఎవరూ అనరు. కాని ఒంటరి పరుగునకు ధైర్యం, దమ్ము చాలును. జట్టు పరుగునకు వానితోపాటు ఆలోచన కావలెను. ఒంటరివాడు తన కాళ్ళనే లెక్కపెట్టుకొంటాడు. జట్టును నడిపేవాడు అందరికంటె చివరివాని కాళ్ళను లెక్కపెట్టవలసి ఉంటుంది.

ఈ సంగతి తెలుగువారికి కొత్తది కాదు. నల్లమల అడవిలో శ్రీశైలానికి కాలినడకన పోయే భక్తులు ఆత్మకూరు వైపునుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కొండలు ఎక్కి దిగుతారు. ఆ మజిలీల పేర్లలోనే చెరువు ఉన్నది, కొలను ఉన్నది. అనగా, ఎంత దూరం నడవవలెనో నిర్ణయించినది నడిచేవాని పౌరుషం కాదు, నీరు. పదునాలుగవ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించాడు. బలిష్ఠుడైన యువకునికి మెట్లతో పనిలేదు. ముసలివారు, పసివారు, బాలింతలు కూడ చేరవలెనని తలచినవాడే మెట్లు కట్టిస్తాడు.

ఈ పాఠం ఎంత విలువైనదో 2014వ సంవత్సరపు వేసవి రెండు విధాలుగా చూపినది.

ఆ ఏడు మే 25వ తేదీన, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్, టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పదమూడేండ్ల పదకొండు నెలలు. అంత చిన్నవయసులో ఆ శిఖరం చేరిన బాలిక అంతకుముందు లేదు. ప్రపంచం ఆ చివరి అడుగును చూచినది. ఉపాధ్యాయులు చూడవలసినది మొదటి అడుగును. ఆ అడుగు పడినది హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి ఏకశిలపైన. పర్వతారోహకుడు శేఖర్‌బాబు శిక్షణలో గురుకులాల పిల్లలు అక్కడ బండ ఎక్కడం నేర్చుకొన్నారు. వారిలో కొందరు దార్జిలింగు వెళ్ళారు. ఆ కొందరిలో మరికొందరు లడఖ్ చలిని చూచి వచ్చారు. చివరకు ఇద్దరు మిగిలారు. ప్రతి మెట్టు దగ్గరను ఆగి, చూచి, వెనుకకు మరలడానికి వీలుంచిన ఏర్పాటు అది. వెనుకకు మరలినవారు ఓడినవారు కారు. ఆ ఇద్దరు క్షేమంగా పోయి రావడానికి తగిన జాగ్రత్తలో వారూ భాగస్వాములే.

సరిగా రెండు వారాలకు, జూన్ 8వ తేదీన, హైదరాబాదు నగరం దుఃఖంలో మునిగిపోయినది. హిమాచలప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, తలౌట్ వద్ద, విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలో రాళ్ళపై నిలిచి ఉండగా, ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి విడిచిన నీరు ఒక్కసారిగా వచ్చి పడినది. ఇరువదినలుగురు విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్రానిర్వాహకుడు ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ పిల్లల తప్పు ఏమీ లేదు. నది సగం ఎండి, ప్రశాంతంగా కనబడినది, వారు నమ్మారు. పల్లపు నేలలో నది పొంగడానికి ముందు మబ్బు కనబడుతుంది, నీరు మెల్లగా ఎక్కుతుంది. కొండలోయలో, అందులోను ఆనకట్ట క్రింద, ఆకాశం నిర్మలంగా ఉండగానే వరద వస్తుంది. ఈ మాట అక్కడి ఊరివాడు ఎవడైనను చెప్పగలడు. కొత్తచోటికి పోయే జట్టు ముందుగా వెదకవలసినది అట్టి మనిషినే.

కొండల పరుగులో జరిగిన అతిఘోరమైన ప్రమాదం చైనా దేశంలోనిది. 2021 మే 22న గాన్సు రాష్ట్రంలో, బాయిన్ నగరానికి సమీపాన, నూరు కిలోమీటర్ల కొండదారి పందెం జరిగినది. 172 మంది బయలుదేరారు. మధ్యాహ్నవేళ కొండ ఎత్తుకు చేరేసరికి పెనుగాలి, వడగండ్లు, మంచువంటి వాన వచ్చి పడినవి. ఇరువదియొక్క మంది మరణించారు. మృతులు అనుభవం లేనివారు కారు. దేశంలో పేరెన్నిక గన్న పరుగువీరులు కూడ వారిలో ఉన్నారు. ఉదయం ఎండ కాస్తుండగా నిక్కర్లతో, పలుచని చొక్కాలతో బయలుదేరారు. గాలిని ఆపే కోటు తప్పక వెంట ఉండవలెననే నియమం పందెంలో లేదు. చాలామంది తమ కోటును ముందరి మజిలీకి పంపివేశారు. అన్నిటికంటె కష్టమైన ఎత్తు ఎక్కిన తరువాత వచ్చే మజిలీకి బండి పోయే దారి లేదు గనుక అక్కడ ఆహారం గాని, వేడినీరు గాని లేవు. అనగా, సహాయం ఎక్కడ తప్పక కావలెనో అక్కడనే అది లేదు. ఆనాడు ఆరుగురిని ఒక గొర్రెల కాపరి కాపాడాడు. వాన వస్తే దూరడానికి గుహ ఎక్కడ ఉన్నదో అతనికి తెలుసును. అందులో కట్టెలు, దుప్పట్లు ఉంచుకొన్నాడు. ఏర్పాట్లు చేసినవారికి లేని ముందుచూపు కాపరికి ఉన్నది.

ఇక పాతనగరపు ఉపాధ్యాయుడు ఒకరు ఇరువదిమంది పిల్లలతో అనంతగిరికి పోవ తలచారని అనుకొందాము. నయాపూల్ క్రింద మురికిపట్టి పారే నది పుట్టినచోట ఎట్లా ఉంటుందో పిల్లలకు చూపించడం మంచి కోరికయే. వికారాబాదుదాక రైలు ఉన్నది. మొదట కావలసినది అటవీశాఖ అనుమతి. రెండవది పటము. సర్వే ఆఫ్ ఇండియావారి 1:50,000 పటంలో గోధుమరంగు గీతలు ఒక్కొక్కటి 20 మీటర్ల ఎత్తును తెలుపుతవి. గీతలు దగ్గరపడినచోట దారి నిటారు. పిల్లలే ఆ గీతలను లెక్కించి మొత్తం ఎక్కుడు ఎంతో కూడితే, భూగోళ పాఠం, లెక్కల పాఠం ఒక్కసారిగా అవుతవి.

మూడవది కాలపు లెక్క. 1892లో స్కాట్లండు పర్వతారోహకుడు నైస్మిత్ ఒక సులువైన సూత్రం చెప్పాడు. నేటి కొలతలలో అది ఇది: ప్రతి అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరొక గంట. దారి పది కిలోమీటర్లు, ఎక్కుడు మొత్తం 300 మీటర్లు అయితే, రెండు గంటలకు అరగంట కలిపి రెండున్నర గంటలు. ఇది నడక లెక్క. పరుగుజట్టుకు నడక లెక్క ఎందుకని చురుకైన కుర్రవాడు అడగవచ్చును. ఒక్కని చీలమండ బెణికితే ఆ క్షణంనుండి జట్టు అంతా నడకజట్టే అవుతుంది. అందుచేత పరుగునకు వేళను నడకతోనే కట్టవలెను. దానిపైన విశ్రాంతికి, పిల్లల ఆటకు సగం కలుపుకోవలెను. ఎక్కడ ఉన్నప్పటికిని ఫలానా గంటకు వెనుకకు తిరగవలెనని బయలుదేరకముందే నిశ్చయించవలెను. డిసెంబరులో సాయంకాలం ఆరు గంటలలోపే పొద్దు గుంకుతుంది. శిఖరం పది నిముషాల దూరంలో ఉన్నప్పుడు, వెనుకకు తిరగడం అవసరమా అనే ప్రశ్నకు అక్కడ ఎవరికీ సరియైన జవాబు తోచదు. ఇంటి దగ్గర తోచిన జవాబే నమ్మదగినది.

నాలుగవది వరుస. ముందు దారి తెలిసినవాడు ఒకడు. అతనిని ఎవరూ దాటరాదు. చివర అందరికంటె దమ్ము ఉన్న పెద్దవాడు. అతని వెనుక ఎవరూ మిగలరాదు. దారి చీలిన ప్రతిచోట ఆగి తలలు లెక్కపెట్టవలెను. ప్రతివాని వద్దను నీరు, వేయించిన వేరుసెనగలు, బెల్లం, ఒక ఈల, ఒక పలుచని కోటు ఉండవలెను. టార్చిలైటు పగటిపూట బరువుగానే తోచవచ్చును, అయినను విడువరాదు. ఆపద కలిగితే నిముషంలో ఆరుమారులు ఈల వేసి, ఒక నిముషం ఆగి, మరల వేయడం అంతర్జాతీయ సంకేతం. దానికి జవాబు మూడు ఈలలు. శబ్దం కొండల్లో ఎంత దూరం పోతుందో గోలకొండ కట్టించినవారు ఎరుగుదురు. కోట ముఖద్వారపు గుమ్మటం క్రింద చప్పట్లు చరిస్తే ఎగువన బాలాహిసారులో వినబడే ఏర్పాటును వారు చేశారు. పిల్లలకు మొదటి అభ్యాసం ఆ కోట మెట్లపైననే చేయించవచ్చును. అది పురావస్తుశాఖవారి సంరక్షణలో ఉన్న కట్టడం గనుక వారి వేళలను, నియమాలను పాటించవలెను.

ఇవన్నియు వ్రాసిపెట్టుకొనదగిన విషయాలు. వ్రాతకు అందనిది ఒకటి ఉన్నది. అది చివరివాని సిగ్గు. ప్రతి తరగతిలోను ఒక పిల్లవాడో పిల్లయో ఆయాసపడుతూ వెనుకబడుతుంది. తనవల్ల అందరూ ఆగుతున్నారని తలవంచుకొంటుంది. దాహమైనను చెప్పదు, కాలు నొచ్చినను చెప్పదు, తల తిరుగుతున్నను నవ్వుతుంది. కొండమీద అపాయం తరచు ఆ మౌనంతోనే మొదలవుతుంది. పిడుగును, వరదను ముందుగా కనిపెట్టడంకంటె ఆ మౌనాన్ని కనిపెట్టడం కష్టం. “ఇక నేను ఆగుతాను” అన్న మాటకు జట్టులో మర్యాద ఉన్ననాడు ఆ మౌనం ఉండదు. ఒక ఆదివారం ఆ నెమ్మది పిల్లనే ముందు నిలిపి, జట్టు నంతటిని ఆమె అడుగుకు సరిగా నడిపించి చూచిన ఉపాధ్యాయునికి రెండు సంగతులు తెలుస్తవి. జట్టు అనుకొన్నంత ఆలస్యం కాదు. చురుకైనవారు అంతవరకు చూడని చెట్లను, పక్షులను, బండలపై నిలిచిన బండలను మొదటిసారి చూస్తారు.

గెలుపును లెక్కించే ఆటలలో మొదటివాని కాలాన్ని వ్రాస్తారు. కొండదారిలో కాలం చివరివాడు చేరినప్పుడే పూర్తి అవుతుంది. ఇరువదిమంది బయలుదేరితే ఇరువదిమంది పురానాపూల్ దాటి ఇల్లు చేరినదే విజయం. శిఖరం అందినదా, అందలేదా అనేది తరువాతి ముచ్చట. నాలుగు వందల ఏండ్ల క్రిందట ఈ దేశపు దారుల ప్రక్క రాళ్ళకు సున్నం పూసినవారు ఏ పందెమూ గెలువలేదు, వారి పేర్లు ఏ గ్రంథంలోను లేవు. వారు తెల్లచేసిన రాళ్ళను చూచుకొని, ఎందరో బంట్లు చీకటిలో దారి తప్పక పోయారు.